విస్తరిలో గోరుచిక్కుడు

సీతయ్య క్యాంపు, బోధన్
6 జులై 2025

హైమా,

నిన్న ఫోన్లో సగం చెప్పి ఆపేశావు. హాల్లో మీ అత్తగారు, మీ ఆయన కిషోర్‌బాబు ఉన్నారని అర్థమైంది. కడుపు సంగతులు పదిమందిలో మాట్లాడలేవు. అందుకని కాగితం తీశాను. ఆశన్న పాలవ్యాను రోజూ నిజామాబాద్ వస్తుంది. కూరల సంచి అడుగున కవరు ఉంటుంది. జవాబు ఖాళీ సంచిలో పెట్టి అతనికే ఇవ్వు.

ఇక విషయం. మీ అక్కని చివరిసారి హైదరాబాద్‌లో చూపించినప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఈవిడకి తోబుట్టువులు ఉన్నారా?" అని అడిగాడు. ఒక చెల్లెలు ఉందన్నాను. "ఆవిడ పెద్దపేగు లోపల కెమెరాతో చూపించండి. బాధ ఉన్నా సరే, లేకపోయినా సరే" అన్నాడు. పెద్దకర్మ రోజున నీకు చెప్పాను. తలూపావు. ఎనిమిది నెలలు కావస్తోంది. జబ్బు బయటపడేనాటికి విమలకి యాభై నాలుగు. నీకిప్పుడు యాభై ఒకటి.

మలబద్ధకం అన్నావు. అది ఏమీ కాకపోవచ్చు. పీచు ఉన్నవి తిను. సంచిలో ఇసబ్‌గోల్ పొట్లం పెట్టాను. రాత్రి భోజనం అయ్యాక ఒక చెంచా. పరీక్ష మాత్రం వేరే సంగతి. ఎప్పుడు వీలవుతుందో రాయి. నేనే తీసుకెళ్తాను.

వానలు సరిగా లేవు. నాట్లు మొదలుపెట్టలేదు.

బావ,
జగన్మోహనరావు


నిజామాబాద్
11 జులై 2025

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది. వంకాయల కింద ఉత్తరం! మా అత్తగారు సంచి దులపబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. కానీ మీరన్నది నిజమే. ఫోన్లో మాట్లాడలేను. వాట్సాప్‌లో రాద్దామంటే మా అమ్మాయి లాస్య నా ఫోను నాకంటే ముందు చూస్తుంది.

తర్వాత మాత్రం బాధ కలిగింది. చెప్పకుండా ఉండలేను. పీచు తినమని రాశారు. అంటే అక్క పీచు తినక పోయిందనా మీ ఉద్దేశం? అక్క తినని పీచు ఏముంది బావగారూ? కాలవ గట్టు మీద గోరుచిక్కుడు వేసింది ఎవరు? మీ ఇంట్లో పనిచేసే పెంటవ్వ దగ్గర జొన్నరొట్టె నేర్చుకుని రోజూ పొద్దున చేసింది ఎవరు? జామకాయ గింజలతో సహా నమిలేది. మా పుట్టింట్లో మా అమ్మ సరిగా పెట్టలేదనో, మా వంశంలోనే ఏదో ఉందనో మీ మనసులో ఉంటే సూటిగా రాయండి.

ఇంకో మాట. మా పక్క ఫ్లాటులో దీక్షిత అనే అమ్మాయి ఉంది. నా సంగతి చెబితే ఒక డబ్బా తెచ్చిచ్చింది. ఫైబర్ పొడి. నీళ్లలో వేస్తే కరిగిపోతుంది, రుచీ వాసనా ఉండవు. "ఇది తాగితే పేగులో మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది ఆంటీ, ఇంక క్యాన్సర్ భయమే ఉండదు" అంది. మీ ఇసబ్‌గోల్ ఉంది, ఈ డబ్బా ఉంది. రెండూ వాడతాను. ఇంక ఆ కెమెరా ఎందుకు?

కోపం తెచ్చుకోకండి.

మీ మరదలు
హైమ


సీతయ్య క్యాంపు
15 జులై 2025

హైమా,

కోపం లేదు. మీ అమ్మనీ మీ వంశాన్నీ నేను ఏమీ అనలేదు. తిరిగి చదువుకుంటే నా వాక్యం అలాగే ధ్వనించింది. నా రాత అంతే.

మీ అక్క తినని పీచు లేదు. నాకూ అర్థం కానిది అదే. మొన్న నిజామాబాద్‌లో డాక్టర్ వినీత అనే ఆవిడని కలిశాను. పేగుల డాక్టరు. అదే అడిగాను. తిండిలో పీచు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుందట. తక్కువ అంటే లేదని కాదట. డబ్బా పొడి జబ్బుని ఆపుతుందని ఎవరూ తేల్చలేదట. కొన్ని కుటుంబాల్లో ఏం తిన్నా వస్తుందట. "మరి మా ఆవిడది ఏ రకం?" అన్నాను. "ఇప్పుడు చెప్పలేం. చెల్లెల్ని తీసుకురండి" అంది.

కాబట్టి డబ్బా వేరు, కెమెరా వేరు. డబ్బా మీద ఏం రాసి ఉందో చూసి రాయి. రెండూ కలిపి వాడకు.

బావ


నిజామాబాద్
27 జులై 2025

బావగారూ,

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకండి. నాకు భయంగా ఉంది.

మీరు రెండూ కలపొద్దని రాసేసరికే కలిపేశాను. త్వరగా గుణం కనిపిస్తుందని దీక్షిత చెప్పిన దానికి రెట్టింపు వేసుకున్నాను. వారం నుంచి కడుపు డోలులా ఉంది. లోపల ఎవరో బిందెలు దొర్లిస్తున్నట్టు చప్పుడు. మా ఆయన "ఏమిటే, మోటారు గాలి పట్టిందా?" అంటాడు. పంపుసెట్ల షాపు పెట్టుకున్న మనిషికి అంతకంటే ఏం తోస్తుంది! నవ్వేశాను గానీ, అక్కకి కూడా కడుపు ఉబ్బడంతోనే కదా మొదలైంది. గుర్తుందా? లాస్య పుట్టినరోజుకి వచ్చినప్పుడు చీర కుచ్చిళ్లు వదులు చేసుకుంటూ "అన్నం ఎక్కువైంది" అంది. అందరం నమ్మాం.

నాకూ అదేనా? నిజం చెప్పండి. డబ్బా మీద సన్న అక్షరాలు. లాస్యని అడిగితే "గ్వార్ గమ్" అని చదివింది. గమ్ అంటే జిగురే కదా? పేగులో జిగురు పోసుకున్నానా నేను?

హైమ


సీతయ్య క్యాంపు
29 జులై 2025

హైమా,

భయపడకు. డబ్బా ఆపెయ్. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఉత్తరం రాయకు, ఫోన్ చెయ్యి.

నీ ఉత్తరం పట్టుకుని మళ్లీ డాక్టర్ వినీత దగ్గరికి వెళ్లాను. అర్థమైనంత వరకు రాస్తున్నాను. నేను చదివింది బి.ఎస్సీ. వృక్షశాస్త్రం, అదీ నలభై ఏళ్ల కిందట. తప్పులుంటే నావి.

చెరకు కొట్టాక చేలో ఆకు మిగులుతుంది. కొందరు తగలబెడతారు. మేం తగలబెట్టకుండా నీళ్లు పెట్టేవాళ్లం. మట్టిలో పురుగూ పుట్రా కంటికి కనపడనివీ దాన్ని తిని కుళ్లబెడతాయి. మట్టి గుల్లగా అవుతుంది. పెద్దపేగులోనూ అదే పని. మనం అరిగించుకోలేని పీచుని అక్కడి సూక్ష్మజీవులు తింటాయి. తిని ఒక రకం పులుపు తయారుచేస్తాయి. పేగు లోపలి పొరకి అది తిండి. ఆ పనిలో గాలి కూడా పుడుతుంది. అలవాటు లేని చేలో ఒకేసారి బండెడు ఆకు పోస్తే ఏమవుతుంది? నీ కడుపులో అయింది అదే. తగ్గాక కావాలంటే సగం చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచమంది డాక్టరు.

ఇసబ్‌గోల్ వేరు. దాన్ని సూక్ష్మజీవులు పెద్దగా తినలేవు. నీళ్లు పీల్చి ఉబ్బి, దారి నునుపు చేసి పోతుంది. నీళ్లు తక్కువైతే అదే గట్టిపడి అడ్డం పడుతుంది. నువ్వు గ్లాసెడు తాగావా, గుక్కెడు తాగావా? నేను నీళ్ల సంగతి రాయలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. నిండు గ్లాసు తాగాలి.

ఎవరి పేగులో ఏ జీవులున్నాయో దాన్ని బట్టి ఒకరికి పడింది ఇంకొకరికి పడదట. కాబట్టి దీక్షితకి పడిందని నీకు పడాలని లేదు.

గ్వార్ అంటే ఏమిటో ఇంటికొచ్చి పాత పుస్తకం తీసి చూశాను. గోరుచిక్కుడు. ఆ పొడి గోరుచిక్కుడు గింజ నుంచి తీస్తారు. మీ అక్క మొక్కలు గట్టు మీద ఇంకా ఉన్నాయి. నేను కోయలేదు. కాయలు ఎండి గింజలు రాలి, వాటంతట అవే మళ్లీ మొలిచాయి.

సంచి అందుకుంటూ ఆశన్న అడిగాడు. "సారూ, రోజు సంచిల కాయితం పోతున్నది. గీ కాలంల ఉత్తరాలేంది? ఫోన్ల పైసలు అయిపోయినయా?" అవునన్నాను.

బావ


నిజామాబాద్
20 ఆగస్టు 2025

బావగారికి,

కడుపు తగ్గింది. మీ ఉత్తరం చదివాక ప్రాణం కుదుటపడింది. నా పొట్టలో చేను ఉందని ఇన్నాళ్లూ తెలియదు! మీరు రాసినట్టే చేస్తున్నాను. డబ్బా సగం చెంచాతో మళ్లీ మొదలుపెట్టి, మెల్లగా పెంచాను. తిండి కూడా మార్చాను. జొన్నరొట్టె, తోటకూర, బొబ్బర్లు. మా అత్తగారు "ఇది ఇల్లా, గొడ్ల చావడా?" అంటున్నారు. అననివ్వండి. రోజూ సాఫీగా అవుతోంది. పదేళ్ల తర్వాత ఒళ్లు తేలిగ్గా ఉంది.

అందుకని మీకు శ్రమ తగ్గిద్దామని రాస్తున్నాను. ఇప్పుడు లోపల మంచి జీవులు పెరిగాయి కదా. పొరకి తిండి దొరుకుతోంది కదా. మీరే రాశారు. ఇంక పరీక్ష అక్కర్లేదు. డాక్టరమ్మకి నా తరఫున నమస్కారం చెప్పండి.

మీరు ఏం తింటున్నారు? పెంటవ్వ ఆశన్నతో ఏమందో తెలుసా? "సారు తెల్లన్నం, మజ్జిగ దప్ప ఏం ముడ్తలేడు. కూర జేస్త అంటె ఒద్దంటడు." నిజమేనా? నాకు పీచు తినమని పాఠాలు చెప్పి మీరు చేస్తున్నది ఇదా?

హైమ


సీతయ్య క్యాంపు
24 ఆగస్టు 2025

హైమా,

నా ఉత్తరం మళ్లీ చదువు. పరీక్ష అక్కర్లేదని ఎక్కడా రాయలేదు.

మీ అక్కకి కూడా రోజూ సాఫీగానే అయ్యేది.

నా తిండి బాగానే ఉంది.

బావ


సీతయ్య క్యాంపు
19 అక్టోబర్ 2025

హైమా,

రెండు నెలలుగా సంచి ఖాళీగా వస్తోంది. కోపమైతే ఉండనీ. నేను ఒక పని చేశాను.

విమల సంవత్సరికం కార్తీక బహుళ నవమి. నవంబర్ 13 అయింది. నువ్వు ఎలాగూ వస్తావు. మర్నాడు, 14వ తారీకు పొద్దున నిజామాబాద్‌లో డాక్టర్ వినీత దగ్గర నీ పరీక్షకి పేరు రాయించాను. ముందు కిషోర్‌బాబుతో మాట్లాడాను. అతను ఒప్పుకున్నాడు. "మీరు చెబితే వింటుంది బావగారూ, నేను చెబితే మోటారు జోకులంటుంది" అన్నాడు.

పరీక్షకి ముందు మూడు రోజులు డబ్బా పొడి, ఇసబ్‌గోల్ రెండూ ఆపాలి. పీచు ఉన్నదేదీ తినకూడదు. ఆకుకూరలు, చిక్కుళ్లు, గింజలు, జామకాయ, జొన్నరొట్టె ఏవీ వద్దు. తెల్లన్నం, పెరుగు, వడకట్టిన చారు. 13న మధ్యాహ్నం కొంచెం పెరుగన్నం తిని ఆపాలి. సాయంత్రం నుంచి ఆసుపత్రి వాళ్లిచ్చిన మందు నీళ్లు.

సంవత్సరికం నాడు మన ఆనవాయితీ నీకు తెలుసు. పుణ్యస్త్రీగా పోయిన మనిషికి ముత్తైదువ పీట వేస్తాం. పీట మీద కూర్చున్నావిడ పోయిన మనిషికి ఇష్టమైనవి తినాలి. విస్తరిలో ఏదీ మిగల్చకూడదు. నువ్వు కూర్చోవద్దు. పక్కింటి రామస్వామి కోడలు కూర్చుంటానంది. నువ్వు పక్కన పెరుగన్నం తిని సాయంత్రం బయలుదేరు.

బావ


నిజామాబాద్
26 అక్టోబర్ 2025

బావగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు తల తిరుగుతోంది.

జులైలో పీచు తినమన్నారు. తిన్నాను. కడుపు ఉబ్బింది. మెల్లగా తినమన్నారు. తిన్నాను. బాగుపడ్డాను. ఇప్పుడు పీచు ముట్టుకోవద్దు అంటున్నారు. తెల్లన్నం తినమంటున్నారు. మరి నా చేనుకి తిండేది? మంచిదైతే ఎందుకు ఆపాలి? చెడ్డదైతే ఇన్నాళ్లు ఎందుకు తినమన్నారు?

నాకు తెలియకుండా డాక్టరమ్మ మీతో ఏమైనా అందా? మా ఆయనకి మీరు ముందే చెప్పడం ఏమిటి? ఇంట్లో అందరూ నాతో మెత్తగా మాట్లాడుతున్నారు. మా అత్తగారు కూడా! అక్కకి అలాగే చేశాం. అల్సర్ అని చెప్పాం. మీరూ, నేనూ, మీ అక్కగారు పున్నమ్మక్కా. అక్క ముందు నవ్వుతూ తిరిగాం. ఇప్పుడు నా ముందు మీరంతా అలా తిరుగుతున్నారా?

దాచకండి. దాస్తే నేను రాను.

హైమ


సీతయ్య క్యాంపు
28 అక్టోబర్ 2025

హైమా,

దాచింది ఏమీ లేదు. నీకు ఇంతవరకు ఒక్క పరీక్ష కాలేదు. దాచడానికి ఏముంటుంది?

నిజాంసాగర్ కాలవకి గండ్లు ఉన్నాయో లేదో చూడాలంటే ముందు నీళ్లు కట్టేస్తారు. నీళ్లు చెడ్డవని కాదు. నీళ్లుంటే అడుగు కనపడదు. పీచు కూడా అంతే. చూడడం అయ్యాక మళ్లీ తిను.

విమల సంగతి. అల్సర్ అని మనం చెప్పిన రోజు సాయంత్రమే నన్ను అడిగింది, "హైమకి నిజం ఎవరు చెబుతారు?" అని. ఆవిడకి తెలుసు. మనం నవ్వుతున్నాం కదా అని ఆవిడా నవ్వింది.

పన్నెండున రా.

బావ


నిజామాబాద్
17 నవంబర్ 2025

బావగారికి,

ఫోన్లో మీరు "ఏమైంది?" అంటే "కాలేదు" అని పెట్టేశాను. ఎందుకు కాలేదో రాస్తున్నాను. సగం మీకు తెలిసిందే.

పదమూడున పొద్దున రామస్వామి గారి కోడలికి పుట్టింటి వైపు మైల అని కబురొచ్చింది. వంట అయిపోయింది. పీట వేసి ఉంది. పున్నమ్మక్క చుట్టూ చూసి, "తోడబుట్టింది ఉండగా ఇంకొకరెందుకు? హైమా, కూర్చో" అంది. నేనేమనను? డాక్టరు వద్దన్నదని అక్క పీట ముందు నిలబడి చెప్పనా? కూర్చున్నాను. కందగడ్డ, చిక్కుడు, నువ్వుల పొడి, మినపగారెలు, జామకాయ ముక్క. గోరుచిక్కుడు కూర ఒక గరిటె వేశాక మళ్లీ ఇంకో గరిటె వేసింది పున్నమ్మక్క. "విమలకి ఇదంటే ప్రాణం" అంది. మొత్తం తిన్నాను. నెల మాసికం, ఆరో నెల మాసికం అన్నీ చూశాను గానీ నాకు అక్క పోయిందని తెలిసింది ఆ విస్తరి ముందు.

సాయంత్రం మందు నీళ్లు తాగాను. కక్కుకుంటూ తాగాను. సగమైనా కడిగేస్తుందనుకున్నాను.

పొద్దున నర్సు జ్యోతిరాణి అని, మంచి గొంతు. లోపల చూసి డాక్టరమ్మ ఏదో అంటే, ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "ఏందమ్మా, తోటంత మేసి అచ్చినవా? అన్ని గింజలు, నారలే. ఏం కనిపిస్తలేదు" అంది. మా అక్క ఏడాది భోజనం అన్నాను. ఆ పిల్ల నా దుప్పటి సర్దుతూ, "అక్క పేరు మీద తిన్నంక నేనేమంట! గని కెమెరాకు అక్కా చెల్లే తెల్వది గదా. మళ్ల రావాలె" అంది.

బావగారూ, ఇంటికొచ్చి ఆలోచించాను. అన్నీ సిద్ధం చేశాక ఆ మనిషికి మైల ఎందుకు రావాలి? సరిగ్గా ఆ రోజే నేనెందుకు కూర్చోవాలి? అక్కే ఆపింది. దీనికి నువ్వు పోవద్దు, నీకేం లేదు అని అక్కే చెప్పింది. అక్క మాట కాదని నేను మళ్లీ వెళ్లను. నన్ను బలవంతం చేయకండి.

మీ
హైమ


సీతయ్య క్యాంపు
19 నవంబర్ 2025

హైమా,

మీ అక్క ఆపలేదు. గోరుచిక్కుడు ఆపింది.

పున్నమ్మక్క రెండో గరిటె వేసినప్పుడు నువ్వు ఒకసారి నా వైపు చూశావు. నేను మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లాను. రెండు ఉత్తరాల్లో వద్దని రాసినవాణ్ని, ఆ పీట దగ్గర నోరు పెగల్లేదు. నీకు పెగల్లేదు. ఇద్దరం చదువుకున్నవాళ్లమే.

నువ్వు సంకేతం అంటున్నావు. సరే. ఆవిడ మాటే కావాలంటే నా దగ్గర ఒకటి ఉంది. చివరి వారం మాట తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం నీ పేరు అంది. పిలిపించనా అన్నాను. కాదన్నట్టు తల ఊపి, తన పొట్ట మీద చెయ్యి వేసి చూపించింది. మళ్లీ నీ పేరు అంది. నాకు ఒకటే అర్థమైంది. ఇంకేదైనా అర్థం ఉందేమో నాకు తెలియదు. ఈ ఏడాది నాకు అర్థం కానివి చాలా ఉన్నాయి. ఒకే అమ్మ కడుపున పుట్టి, ఒకే పొయ్యి మీది తిండి తిని పెరిగారు. గింజలతో జామకాయ తిన్న మనిషి పోయింది. పీచు, సూక్ష్మజీవులు, పొడి అన్నీ చదివాను. ఎందుకో ఎవరూ చెప్పలేదు. కానీ నీ లోపల ఏముందో చూడవచ్చు. అది ఒక్కటే చూడగలిగింది.

విస్తరి మిగల్చకూడదన్నది నీ బెంగ అయితే ఒక దారి. డిసెంబర్ 12కి మళ్లీ పేరు రాయించాను. ముందు మూడు రోజులు నువ్వు తెల్లన్నం తిను. మీ అక్క పేరు మీద తినవలసిన పీచు నేను తింటాను. నీ బదులు పీట మీద నేను కూర్చుంటాను. ముత్తైదువ పీట మీద మగవాడు కూర్చోవచ్చా అని పున్నమ్మక్కని అడిగాను. "ఏ శాస్త్రంలోనూ లేదు, కానీ తప్పని కూడా లేదు" అంది. చాలు.

పెంటవ్వ చెప్పింది నిజమే. ఏడాదిగా నేను కూర ముట్టలేదు. మీ అక్క చేతిది తప్ప వేరేది నోటికి పోలేదు. ఇప్పుడు తింటాను.

గోరుచిక్కుడు ఎలా చేస్తారో రాయి. ఈనె తీయాలా?

బావ


నిజామాబాద్
30 నవంబర్ 2025

బావగారికి,

పదిరోజులు జవాబు రాయలేదు. రాయడానికి కూర్చుంటే కాగితం కనపడేది కాదు.

వెళ్తాను. మా ఆయనకి చెప్పాను. "ఈసారి తోట మేయకుండా తాడేసి కడతాను" అన్నాడు.

గోరుచిక్కుడు ఇలా చేయండి. లేతవి కోయండి. ముదిరినవి వద్దు. రెండు కొసలూ తుంచి, పక్కనుంచి ఈనె లాగండి. కొన్నిటికి వస్తుంది, కొన్నిటికి రాదు. అక్క కూర్చుని ఒక్కొక్కటీ లాగేది. నేను లాగను. ఉప్పు వేసి ఉడికించి నీళ్లు వంచండి. తాలింపులో వెల్లుల్లి, ఎండుమిర్చి. చివర్లో వేయించిన నువ్వుల పొడి చల్లండి. పచ్చికొబ్బరి అక్క వేసేది కాదు.

మెల్లగా తినండి. ఏడాది తర్వాత ఒకేసారి బండెడు ఆకు పోస్తే మీ చేనుకీ గాలి పడుతుంది. ఇది మీరు చెప్పిందే.

హైమ


నిజామాబాద్
18 డిసెంబర్ 2025

బావగారికి,

అయింది. ఈసారి అంతా కనిపించింది.

పేగు గోడకి రెండు పిలకలు ఉన్నాయి, పాలిప్స్ అంటారట. ఒకటి చిన్నది, ఒకటి శనగగింజంత. అక్కడికక్కడే తీసేశారు. నొప్పి తెలియలేదు. పరీక్షకి పంపి నిన్న చెప్పారు. క్యాన్సర్ కాదు. పెద్దది మాత్రం అలాగే వదిలేస్తే ఏళ్ల తర్వాత అలా మారే రకమట. డాక్టరమ్మ, "మీ అక్కగారికి కూడా ఇలా చిన్నదిగా ఉన్న రోజులు ఉండి ఉంటాయి" అంది. అది విని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

మూడేళ్లకి మళ్లీ చూపించుకోవాలి. పీచు మళ్లీ తినమన్నారు. పొడి కావాలంటే తాగు, కానీ అదే మందు అనుకోకు అన్నారు. లాస్యకి నలభై వచ్చాక చూపించాలట. ఇప్పుడు దానికి నేనే చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీరు నాకు చెప్పినట్టు చెప్పనా?

మీరు తిన్నారా?

హైమ


సీతయ్య క్యాంపు
20 డిసెంబర్ 2025

హైమా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి మడిచి పెట్టాను. మళ్లీ తీశాను.

లాస్యకి ఉత్తరం రాయకు. ఎదురుగా కూర్చుని చెప్పు. నేను నీకు చెప్పినట్టు చెప్పవద్దు. నాకు ఆరు నెలలు పట్టింది.

మూడేళ్ల సంగతి తలుపు వెనక సుద్దతో రాశాను. ఆశన్న చూసి, "గిదేంది సారూ, పాల లెక్కనా?" అన్నాడు. కాదన్నాను. సంచి ఎత్తి చూసుకుని, "ఇయ్యాల బరువున్నది" అన్నాడు. ఎండిన గోరుచిక్కుడు గింజలు ఒక మూట కట్టి పెట్టాను. బాల్కనీ కుండీలో వెయ్యి.

పన్నెండున పొద్దున గట్టు మీదికి వెళ్లాను. లేతవి ఏవో, ముదిరినవి ఏవో నాకు తెలియలేదు. దొరికినవి కోశాను. అరుగు మీద కూర్చుని ఈనె తీయడం మొదలుపెట్టాను. పెంటవ్వ చూసి నవ్వింది. "గట్ల లాగితె కాయంత పోతది సారూ. అమ్మ గిట్ల లాగకపోతుండె." మరెలా లాగేది అన్నాను. వేళ్లు గాలిలో తిప్పి చూపించబోయి, "ఎట్లనో లాగుతుండె, నాకు గూడ యాదికి లేదు" అంది. ఆవిడా పక్కన కూర్చుంది. ఇద్దరం లాగాం.

ఉప్పు తక్కువైంది. నువ్వుల పొడి మాడింది. పీట వేసి, విస్తరి పరిచి, వడ్డించుకుని కూర్చున్నాను. కొన్ని ఈనెలు మిగిలిపోయాయి. పళ్లలో ఇరుక్కున్నాయి. తీసి పక్కన పెట్టబోయి, గుర్తొచ్చి, నమిలి మింగాను. నిండు గ్లాసు నీళ్లు తాగాను. అప్పటికి నిన్ను లోపలికి తీసుకెళ్లి ఉంటారు.

విస్తరిలో ఏమీ మిగల్చలేదు.

బావ,
జగన్మోహనరావు